ట్రాక్టరు కొనబోయే ముందు



మన దేశములో ట్రాక్టర్ల అమ్మకము చాలవరకు వానను బట్టి నడుస్తుంది. 2022-23లో తొమ్మిది లక్షలు దాటిన అమ్మకాలు, 2023లో వానలు చాలకపోవుటతో మరుసటి సంవత్సరము తగ్గినవి. 2024లో వానలు బాగుండగా 2024-25లో తిరిగి తొమ్మిది లక్షలు దాటినవి. ఆపైన 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. నూటికి 12 నుండి 5కు తగ్గినది.

పత్రికలలో వచ్చే అంకెలలో ఒక మెలిక వున్నది. కంపెనీలు సాధారణముగా ప్రకటించేది డీలర్లకు పంపిన బండ్ల లెక్క. రైతుల పేర రిజిస్టరయిన బండ్ల లెక్క వేరు. డీలరు వద్ద బండ్లు నిలిచిపోయినప్పుడే బేరము మనకు అనువుగా వుంటుంది.

పన్ను తగ్గినది గదా అని తొందరపడవద్దు. పన్ను గాక ఆరు లక్షల ధర గల బండిపై మిగిలేది 42 వేలు. ఆరు లక్షలు అప్పు తెచ్చి, నూటికి 12 వడ్డీ కట్టవలసివస్తే, ఆ మిగులు ఏడు నెలల వడ్డీకి సరిపోతుంది.

డెల్టాలో అసలు చిక్కు మరొకటి. కాలువకు నీరు వదలగానే అందరికీ ఒకే వారములో దమ్ము కావలె. అప్పుడు కిరాయి పెరుగుతుంది, అడిగినా బండి దొరకదు. సొంత బండి వుంటే బాగుండునని అనిపించేది అప్పుడే. కాని అయిదెకరాల దమ్ము ట్రాక్టరుకు ఒకటి రెండు రోజుల పని. తరువాత మినుము వేస్తారనుకోండి. కోతకు రెండు మూడు రోజుల ముందు వరిచేలోనే చల్లేస్తారు, దుక్కితో పనే లేదు. ప్రత్తి, మొక్కజొన్న వేసే నందిగామ, తిరువూరు మెట్ట రైతుకు దొరికినన్ని పనిరోజులు మనకు దొరకవు. ధాన్యము తోలకము, పక్కవారి దమ్ము కలుపుకొన్నా ఎన్ని గంటలు వస్తాయో ముందుగా వ్రాసి చూచుకోండి.

కౌలుదారులు మరీ ఆలోచించవలె. కౌలు వచ్చే యేటికి వుంటుందో లేదో తెలియదు; వాయిదాలు మాత్రము ఏళ్ల తరబడి వుంటాయి. నలుగురైదుగురు కలిసి ఒక బండి కొని, దమ్ముకు వంతులు ముందే వ్రాసుకొనుట మేలు.

ఏ బండి కొన్నా, ముందు విజయవాడ ఆటోనగరులో దాని విడిభాగాల ధరలు విచారించండి. పాత బండి కొనేవారు రిజిస్ట్రేషను కాగితములో బ్యాంకు పేరు తొలగించినదీ లేనిదీ చూచిన పిమ్మటనే బయానా ఇవ్వండి.