పస్తుండి నడిస్తే సన్నబడతామా?



తెల్లవారుఝామున మా పెనుగొండలో కాలువగట్టు వైపు వెళ్ళి చూడండి. ఒకప్పుడు ఆ వేళకి పాలు పోసేవాళ్ళూ, పొలానికి వెళ్ళే రైతులూ తప్ప ఇంకొకరు కనిపించేవారు కాదు. ఇప్పుడో, నలుగురేసి ఐదుగురేసి ఆడవాళ్ళు బూట్లు తొడుక్కుని, చెంగు నడుముకి బిగించి గబగబా నడిచిపోతూ ఉంటారు. మీ ఊళ్ళో పార్కుల్లోనూ, మేడల మీదా ఇదే వరస అయి ఉంటుంది. ఎంతో సంతోషించవలసిన మార్పు. అయితే వాళ్ళ మాటలు చెవిన పడితేనే నాకు బెంగ పుడుతుంది. "నేను రాత్రి భోజనం మానేశాను వదినా" అంటుంది ఒకావిడ. "నేను అన్నం ముట్టుకుని పదిరోజులైంది పిన్నీ" అంటుంది ఇంకొక అమ్మాయి. "పొద్దున్న నిమ్మకాయ నీళ్ళు తాగి వచ్చాను. మళ్ళీ మధ్యాహ్నానికే" అని మూడో ఆవిడ. పస్తుల్లో ఒకరిని మించినవారు ఒకరు!

నడక మంచిదే. మితంగా తినడమూ మంచిదే. కాని రెండూ కలిపి మొదలుపెట్టినప్పుడు ఒంటికి ఎంత మిగులుతోందో లెక్క చూసుకోవాలి. పాల లెక్కా, కిరాణాకొట్టు పద్దూ చూసుకునే మనకి ఇదేమంత కష్టమైన లెక్క కాదు.

తిండిలో ఉండే శక్తిని క్యాలరీలలో కొలుస్తారని మీకు తెలుసు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చింది. మన బియ్యంలో ఎంత శక్తి, మన పప్పులో ఎంత, మన తోటకూరలో ఎంత అని కొలిచి పట్టికలు వేసినవారు వారే. వారు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 55 కిలోల బరువుండి, తేలికపాటి పనులు చేసుకునే స్త్రీకి రోజుకి 1660 క్యాలరీలు కావాలి. కాస్త ఒళ్ళు వంచి పనిచేసే స్త్రీకైతే 2130. ఇందులో 1100 నుంచి 1200 దాకా, మనం మంచం మీద కదలకుండా పడుకున్నా ఖర్చయిపోతాయి. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, మెదడు పనిచెయ్యాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి గదా! ఇంటికి అద్దె ఎలాగో ఒంటికి ఇది అలాగ. మనం ఊళ్ళో ఉన్నా లేకపోయినా కట్టి తీరాలి.

ఇప్పుడు నాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పెళ్ళి నిశ్చయమైంది. మూడు నెలల్లో ముహూర్తం. "కాస్త ఒళ్ళు తగ్గితే ఫోటోల్లో బాగుంటావే" అని ఎవరో చుట్టాలావిడ అన్నదట. అంతే! పొద్దున్న తేనె కలిపిన నిమ్మకాయ నీళ్ళు, మధ్యాహ్నం రెండు గరిటెల మజ్జిగన్నం, రాత్రి రెండు పుల్కాలు. ఎంత ధారాళంగా కట్టినా ఇదంతా 600 క్యాలరీలకి మించదు. దీనికి తోడు పొద్దున్న గంట, సాయంత్రం గంట నడక. వడిగా నడిస్తే గంటకి సుమారు 200 ఖర్చు. అంటే నడక పోను ఆ పిల్ల ఒంటికి మిగిలింది 200. అద్దె 1100 అయిన ఇంట్లో 200తో కాపురం ఎలా సాగుతుంది చెప్పండి?

మొదటి నెలలో బరువు బాగానే తగ్గింది. తల్లి పదిమందికీ చెప్పుకుని మురిసింది. రెండో నెలలో దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. వైశాఖమాసపు ఎండల్లో కూడా చేతులు చల్లగా ఉంటున్నాయంది. అయినదానికీ కానిదానికీ కన్నీళ్ళు. బయట చేరడం ఆగిపోయింది. పెళ్ళి హడావుడి వల్లనే అనుకున్నారు ఇంట్లో. పట్టుచీరలు కొనడానికి వెళ్ళి కొట్లో కళ్ళు తిరిగి పడిపోయాక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆవిడ రక్తపరీక్ష రాసి, తరవాత అడిగిన మొదటి ప్రశ్న "నువ్వు రోజూ ఏం తింటున్నావమ్మా?" అని. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది.

ఒళ్ళు ఎందుకలా చేస్తుంది? ఇంటి ఖర్చుతో పోల్చి చూడండి. నెల జీతం ఉన్నట్లుండి సగమైపోయిందనుకోండి. ఇల్లాలు ఏం చేస్తుంది? బియ్యం, పాలు ఆపదు. ముందు గోడలకి రంగు మానేస్తుంది, కొత్తచీర మానేస్తుంది, చుట్టాల్ని పిలవడం మానేస్తుంది. ఒళ్ళూ అంతే. గుండెకీ మెదడుకీ ముందు పెట్టుకుని, జుట్టు, చర్మం, నెలసరి, ఒంటి వెచ్చదనం వీటి పద్దు కోసేస్తుంది. ఆడవాళ్ళకి నెలసరి ఆగిందంటే ఎముకలకి కూడా ముప్పే. పతకాలు గెలిచే క్రీడాకారిణులలో సైతం ఈ ఇబ్బంది కనబడుతున్నదని, చేసే శ్రమకి చాలినంత తినకపోవడమే దీనికి మూలమని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ప్రత్యేకంగా హెచ్చరించింది. పగలూ రాత్రీ వంటింట్లో తిరిగే మనకి ఆ హెచ్చరిక వర్తించదంటారా?

చాలని తిండి మనిషిని ఏం చేస్తుందో పరీక్షించి చూసినవారున్నారు. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఈ పరీక్ష జరిపాడు. వాళ్ళంతా ఇష్టపడి వచ్చినవాళ్ళే. 24 వారాలపాటు వాళ్ళకి మామూలుగా తినేదానిలో సగమే పెట్టారు. వారానికి 22 మైళ్ళ నడక కూడా. చూశారా, పథ్యమూ నడకా కలిపి! వాళ్ళ బరువు నాలుగోవంతు తగ్గింది. కాని బలం ఉడిగింది, వేసవిలో కూడా చలేసింది, చీటికీ మాటికీ కోపాలొచ్చాయి. పొద్దస్తమానం తిండి ధ్యాసే. కొందరైతే వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదువుకుంటూ కూర్చున్నారట! మామూలు తిండి పెట్టాక పోయిన కొవ్వు ముందుగా తిరిగివచ్చింది, కండ ఆలస్యంగా వచ్చింది. "వదినా, మానేసిన నెలరోజులకే రెట్టింపు లావయ్యాను" అని మనవాళ్ళు అనే మాటకి కారణం ఇక్కడే ఉంది. పస్తుంటే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. నలభై దాటిన మనకి కండ పోగొట్టుకోవడం తేలిక, తిరిగి సంపాదించుకోవడం కష్టం.

కండ సంగతి వచ్చింది కాబట్టి మా జిల్లా వారొకరిని తలుచుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో మాకు అట్టే దూరంలేని భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్ళి హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే ఆయనతో కలిసి, కండరాలు పనిచెయ్యడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందో పరిశోధించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని కండరాలలో కనుగొన్నారు. కాలు కదపాలన్నా రోలు తిప్పాలన్నా ఈ ఏటీపీయే చమురు. ఇది ఒంట్లో కొద్ది క్షణాల పనికి సరిపడినంతే నిలవ ఉంటుంది. ఎప్పటికప్పుడు ఒళ్ళు తయారుచేసుకుంటూ ఉండాలి. దేనితో? తిన్న తిండితోనూ, లోపల దాచుకున్నదానితోనూ. కొవ్వు కొద్దికొద్దిగా కరిగి ఆ చమురు కావాలనే మన కోరిక. కాని వత్తి కూడా కాలిపోయేటట్లు దీపాన్ని ఎండగట్టకూడదు గదా!

మరి బరువు తగ్గవద్దా అంటారా? తప్పకుండా తగ్గాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో నూటికి సుమారు 59 మందికి రక్తం తక్కువ! అంటే ఒళ్ళు కనిపిస్తున్నది గాని లోపల సత్తువ లేదు. అటువంటి మనిషి పస్తుంటే ఏమవుతుంది?

కాబట్టి తగ్గించవలసిన చోట తగ్గించాలి. 65 కిలోల బరువుండి, ఇంటిపని చేసుకుంటూ, రోజూ ముప్పావుగంట నడిచే ఆవిడకి సుమారు 1900 క్యాలరీలు ఖర్చవుతాయనుకుందాం. ఇందులో 400 తగ్గించి 1500 తింటే చాలు. ఒక కిలో కొవ్వు 7700 క్యాలరీలకి సమానం. రోజుకి 400 చొప్పున తగ్గిస్తే 19, 20 రోజులకి ఒక కిలో. నెలకి కిలోన్నర. "ఇంతేనా?" అనకండి. పది నెలలకి పదిహేను కిలోల లెక్క అవుతుంది. బరువు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది కనుక నిజానికి పదీ పన్నెండూ తగ్గినా చాలదూ? జుట్టూ ఓపికా నిలుస్తాయి.

ఆ 400 ఎక్కడ తియ్యాలి? అన్నం జోలికి పోకుండానే తియ్యవచ్చు. రోజుకి మూడు కాఫీలు, కప్పుకి రెండు చెంచాల పంచదార అయితే 120. వేపుడులో ఒక పెద్ద చెంచా నూనె తగ్గిస్తే 125. సాయంత్రం పిల్లల డబ్బాలోంచి తీసి నోట్లో వేసుకునే గుప్పెడు జంతికలు 150. కూడండి, 395! పూతరేకులూ, కాజాలూ పండక్కి ఒకటి తిని ఊరుకోవచ్చు.

ఇక ఏం తినాలి? నడకకి ముందు చక్కెర వెయ్యని కాఫీ, ఒక చిన్న అరటిపండు. ఇవి 150. వచ్చాక తక్కువ నూనెతో రెండు పెసరట్లు, అల్లం పచ్చడి. ఇవి 300. మధ్యాహ్నం 75 గ్రాముల బియ్యం అన్నం, గట్టిగా ఒక కప్పు తోటకూర పప్పో మునగాకు పప్పో, ఏదైనా కూర, కప్పు పెరుగు. అన్నీ కలిపి 580. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు, చక్కెర లేని టీ 150. రాత్రి రెండు పుల్కాలు, కూర, ఒక గుడ్డు, గ్లాసు మజ్జిగ 340. గుడ్డు తినని ఇళ్ళలో ఇంకొంచెం పప్పు గాని, పెరుగు గాని వేసుకోండి. మొత్తం 1520. మాంసకృత్తులు కూడా సుమారు 50 గ్రాములు వస్తాయి. ఇందులో ఒక్కటైనా మన వంటింట్లో లేనిది ఉందా? ఖరీదైన డబ్బాల పొడులు కొనవలసిన పని లేదు.

ఇక్కడ ఒక మాట. కార్తీక సోమవారాలూ, శనివారం ఒంటిపూటలూ మనం మానుకోం. మానమని నేను అనను. ఆ రోజు గంట నడక మాత్రం తగ్గించుకోండి. "లంఖణం పరమౌషధం" అన్నారు నిజమే. జ్వరానికీ అజీర్ణానికీ ఒకటి రెండు పూటలకి చెప్పిన మాట అది. మూడునెలల లంఖణం ఏ వైద్యుడూ చెప్పలేదు. చక్కెరవ్యాధికి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకునేవారు తిండి తగ్గించి నడక పెంచితే చక్కెర మరీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వారూ, గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ డాక్టరుని అడగకుండా పథ్యం మొదలుపెట్టకూడదు. కళ్ళు తిరగడం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం, నిద్రపట్టకపోవడం, ఊరికే చలెయ్యడం, ఇవి కనబడితే పథ్యం ఫలిస్తోందని సంబరపడకండి. తిండి చాలడం లేదని ఒళ్ళు చెబుతున్న మాటలవి. మళ్ళీ తినడం మొదలుపెట్టి, డాక్టరుకి చూపించుకోండి.

అసలు ఇబ్బంది ఇంకొకటి ఉన్నదని నాకనిపిస్తుంది. ఇంట్లో అందరికీ వడ్డించి, ఆఖరున గిన్నె అడుగున మిగిలింది తినడం మనకి అలవాటు. పప్పు అయిపోతే పచ్చడితో సరిపెట్టుకుంటాం. పిల్లలు వదిలేసిన జంతికలు పారెయ్యలేక మనమే తింటాం. ఒళ్ళు రావడానికీ, రక్తం లేకపోవడానికీ రెంటికీ ఇదే దారి. అటువంటి మనకి "పథ్యం" అనే పేరుతో ఇంకొక పస్తు తోడయింది. మగవాడు పొట్ట తగ్గించుకోవాలంటే ఇంట్లో అతని కోసం వేరే వంట చేస్తాం. మనం తగ్గాలంటే మన కంచమే తీసేస్తాం!

రేపటినుంచి ఒక పని చెయ్యండి. అందరికీ వడ్డించే ముందే మీ పాలు పప్పు, మీ కప్పు పెరుగు ఒక గిన్నెలో పక్కన తీసి పెట్టుకోండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. నడక మానకండి, తిండీ మానకండి. పెళ్ళి కుదిరిన అమ్మాయి గురించి చెప్పాను గదా, ఆరునెలలు కడుపునిండా తిన్నాక గాని ఆ పిల్లకి నెలసరి సక్రమం కాలేదు. ఇప్పుడు అత్తవారింట్లో పెసరట్టు తిని మరీ అరగంట నడుస్తోంది. బరువు నెమ్మదిగానే తగ్గుతోంది. ముఖంలో కళ మాత్రం తిరిగివచ్చింది.

మీ ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్ల కంచం ముందు నుంచి త్వరత్వరగా లేచిపోతుంటే, ఒకసారి పక్కన కూర్చోండి. ఏం తింటున్నదో చూడండి. ఆ తరవాత మీ కంచం కూడా చూసుకోండి.

సెలవు.