అనూరుని తమ్ముడు

ఆళ్లగడ్డ సీమలోని మన కొత్తపల్లె వారికి అహోబిలము ఇంటి ముంగిలి వంటిది. గరుత్మంతుడు అచట తపమొనర్చి నృసింహదర్శనము పొందెనని స్థలపురాణము. అందుకే అది గరుడాద్రి. ఆయన అన్నగారిని మాత్రము మనము తలచుట అరుదు.

వినత తొందరపడి గ్రుడ్డు చిదిపినందున అరుణుడు తొడలు లేక పుట్టెను. అనూరుడను పేరు అందువలననే వచ్చినది. తల్లిని శపించినవాడును, తమ్ముని వలన ఆ దాస్యము తీరునని చెప్పినవాడును ఆయనయే. భారతము ఆదిపర్వమున గరుడుడు అన్నను వీపుననెక్కించుకొని పోయెను. ఆ అన్నయే సూర్యునకు సారథి.

మా అన్నగారికి పసితనముననే పోలియో సోకి కాళ్లు చచ్చుబడెను. (మన దేశము పోలియోరహితమైనదని ప్రకటించినది 2014లో, అప్పటి తల్లులకు ఆ భాగ్యమెక్కడిది?) తమ్ములమిద్దరము ఆయనను మోయుచుంటిమి. ఒక ఏడు తోటివారు నవ్వుదురని సిగ్గుపడి, ఆయనను ఇంటనే విడిచి బ్రహ్మోత్సవములకు పోతిమి. గరుడసేవ చూడబోయి అన్నను విడిచిన తమ్ములము మేము!

తిరిగివచ్చినపుడు ఆయన కోపింపలేదు. "స్వామి గరుడుని మీద ఎట్లుండెరా?" అని మాత్రమడిగెను. మాకు నోరు పెగలలేదు.

మరుసటి ఫాల్గుణమున వంతులవారీగా మోసికొనిపోతిమి. మా భుజముల మీదనుండి ఆయనకే స్వామి బాగుగా కనబడెను.