నెగెటివు చెప్పు లెక్క

  

మన ఇండ్లలో పాత పెండ్లి ఫొటోలును, వాని నెగెటివులును పెట్టెల యడుగున పడియున్నవి. వెలసిన ప్రింటును జూచి చిత్రము పోయినదనుకొందుము. పోయినదో, నిలిచినదో చెప్పవలసినది ప్రింటు కాదు, నెగెటివు. దానిని చదువు పద్ధతిని క్లుప్తముగా విన్నవింతును.

ఇంగ్లండులో రసాయన పరిశ్రమయందు పనిచేసిన హర్టరు, డ్రిఫీల్డు అను మిత్రులిరువురు 1890లో నెగెటివు నలుపునకు ఒక లెక్క నేర్పరచిరి. నెగెటివుపై బడిన వెలుగులో పదవవంతు ఆవలికి వచ్చినచో అచ్చటి సాంద్రత 1. నూరవవంతు వచ్చినచో 2. సగము వచ్చినచో సుమారు 0.3. ఇది పాఠశాలలో మనము చదివిన సంవర్గమానపు లెక్కయే.

ఇక గ్రాఫు. అడ్డుగీతపై ఎక్స్‌పోజరు యొక్క సంవర్గమానమును, నిలువుగీతపై సాంద్రతను గుర్తింతురు. అడ్డుగా 0.3 జరిగినచో వెలుగు రెండింతలైనదన్నమాట. రేఖ మొదట నేలబారుగా నుండి, మెల్లగా లేచి, పిదప తిన్నగా నెక్కి, పైన మరల వంగును. లేచుచోటు పాదము, వంగుచోటు భుజము. వధువు నల్లని జడ పాదమువద్దను, ఆ జడలోని మల్లెలు భుజమువైపునను నుండును. నడిమి తిన్నని భాగపు వాలునకు గామా యని పేరు. అడ్డుగా 1 జరిగినప్పుడు సాంద్రత 0.7 పెరిగినచో గామా 0.7.

ఇందు ముఖ్యమైన సంగతి యొకటి కలదు. డెవలపింగు కాలమును పెంచినచో వాలు పెరుగును. మల్లెలు మిక్కిలి చిక్కబడును, జడ మాత్రము ఏమంత మారదు. వెలుగు చాలక జడ పాదమునకు దిగువ బడినచో ఏ రసాయనమును దానిని పైకి దేజాలదు. కనుకనే నీడలనుబట్టి ఎక్స్‌పోజరు, వెలుగులనుబట్టి డెవలపింగు అను సూత్రము వృత్తిలో నిలిచినది.

కావున పాత నెగెటివును అంచులు పట్టుకొని వెలుతురున కెత్తి చూడుడు. వెలుగు సోకని ఫిల్ము అంచుతో నీడభాగములను పోల్చుడు. అంచుకంటె లేశమైనను నలుపుండి, అందు రేఖలు కనబడినచో, నేటి స్కానరుతో ఆ ముఖములు మరల వెలుగు చూడగలవు. అంచువలెనే బోసిగా నున్నచో అచ్చట ఏమియు నమోదు కాలేదు; కంప్యూటరు అచ్చట చిత్రించునది కల్పనయే గాని మన తాతగారి ముఖము కాదు. మిక్కిలి నల్లగా నున్న నెగెటివును సైతము త్వరపడి పారవేయరాదు. భుజము దాటనంతవరకు వివరములు ఆ నలుపులోనే భద్రముగా నుండును.

ప్రింటు వెలసినదని నెగెటివును విడువకుడని మనవి చేయుచున్నాను.