రెండో దిర్హమ్ ఎక్కడ?
(చేతివృత్తుల వారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్ పాతబస్తీలో ఏసీలు మరమ్మతు చేసే ఒక యువకుడు గత వేసవిలో మా వద్దకు వచ్చాడు. మోటారు సైకిలుకు కట్టి ఉంచిన అతని పనిముట్ల సంచిని ఎవరో ఎత్తుకుపోయారు. గ్యాస్ గేజీలు, వాక్యూమ్ పంపు, క్లాంప్ మీటరు, ఫ్లేరింగ్ టూల్, డ్రిల్లు. అన్నీ ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కొనుక్కున్నవే. ఏసీ పనివారికి వేసవే పంటకాలం. మేము అతనికి నెలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె ఇచ్చి పంపాము. అతడు రోజువారీ వడ్డీకి అప్పు తెచ్చి పనిముట్లు కొన్నాడు. వేసవి సంపాదనంతా ఆ వడ్డీకే పోయింది.

మేము చేసినది తప్పు కాదు, సగం మాత్రమే. సునన్ అబూ దావూద్‌లో ఒక ఉదంతం ఉంది. సాయం కోరి వచ్చిన అన్సారీ ఇంటిలోని వస్తువులను దైవప్రవక్త (స) వేలం వేయించగా రెండు దిర్హమ్‌లు వచ్చాయి. ఒకదానితో ఇంటికి తిండి, రెండోదానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి స్వయంగా పిడి బిగించి కట్టెలు కొట్టుకొని బ్రతకమని పంపారు. మేము మొదటి దిర్హమ్ ఇచ్చి, రెండోది మరచిపోయాము.

ఇది ఒక్కరి కష్టం కాదు. ముస్లిం శ్రామికులు స్వయం ఉపాధిపై ఎక్కువగా ఆధారపడుతున్నారని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తెలిపింది. సొంత సంచితో బ్రతికేవానికి, అది పోతే కొత్తది ఇచ్చే యజమాని ఉండడు. అప్పు తీర్చలేని చేతివృత్తి వాని పనిముట్లను కోర్టు సైతం జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతున్నది. పనిముట్టు జీవనాధారమని చట్టం అంగీకరించినట్లే కదా! అయినా 2023లో ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇచ్చే 18 వృత్తులలో వడ్రంగి, దర్జీ, తాళాల పనివారు ఉన్నారు గానీ ఏసీ, ఎలక్ట్రికల్, మొబైల్ మరమ్మతు పనివారు లేరు. వారినీ చేర్చాలన్నది ఈ వేదిక నుండి మా డిమాండ్.

ప్రభుత్వం కదిలే వరకు మన చేతిలో ఉన్నది చేద్దాం. ప్రతి పనివాడూ తన పనిముట్ల జాబితా, సీరియల్ నంబర్లు, రసీదులు, ఫొటోలు ఇంట్లో భద్రపరచుకోవాలి. మనవారు పోలీసు స్టేషను మెట్లెక్కడానికి జంకుతారు. ఒంటరిగా పంపక, మొహల్లా పెద్దలు ఇద్దరు వెంట వెళ్లాలి. ఫిర్యాదులో "సంచి పోయింది" అని మాత్రమే రాయరాదు. ఒక్కొక్క వస్తువు విలువ రాయాలి. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు అయితే చట్టం దానిని చిన్న దొంగతనంగా చూస్తుంది. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా పొందే హక్కు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇస్తున్నది. నమోదు చేయకపోతే పోలీసు ఉన్నతాధికారికి రాతపూర్వకంగా పంపవచ్చు.

ప్రతి మొహల్లాలో ఒక పనిముట్ల నిధి ఉండాలి. అర్హులకు జకాత్ నుండి, తక్కినవారికి వడ్డీ లేని ఖర్జె హసనాగా ఇవ్వాలి. అన్నీ ఒకేసారి కొననక్కరలేదు. ఏవి లేనిదే మర్నాడు పని సాగదో వాటిని ముందు కొనాలి. పంపు వంటి ఖరీదైనవాటిని నిధి పేర కొని వంతులవారీగా వాడుకోవచ్చు.

మరొక్క మాట. చౌకగా వస్తున్నదని రసీదు లేని పాత పనిముట్టు కొనవద్దు. అది మరొక సోదరుని ఇంటి పొయ్యి ఆర్పి తెచ్చినది కావచ్చు.

ఆ యువకుడు ఈ సభలోనే ఉన్నాడు. అతని అప్పులో మిగిలినది తీర్చడంతోనే ఈ నిధిని నేడు ప్రారంభిస్తున్నాము. రెండో దిర్హమ్ ఆలస్యంగానైనా చేరాలి.