రేడియో గెలాక్సీలు - వాని పరిసరములు



భర్తృహరి నీతిశతకమును తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి ఈ గ్రంథాలయ పాఠకులకు క్రొత్తవాడు గాడు. కాలిన యినుముపై బడిన నీటిబొట్టు, తామరాకుపై నిలిచిన బొట్టు, ముత్తెపుచిప్పలో జేరిన బొట్టు ఏయే గతి నొందునో అందు చదువనివారు అరుదు. నీరొక్కటే, చోటు వేరు. ఆకాశమునందును ఇట్టి ప్రశ్నయే యొకటి శాస్త్రజ్ఞులను అర్ధశతాబ్దముగా వాదములలో నిలిపియున్నది.

గెలాక్సీ యనగా కోటానుకోట్ల నక్షత్రముల సముదాయము. మన పాలవెల్లి యట్టిదే. కొన్ని గెలాక్సీల నడుమ, కోట్లకొలది సూర్యుల బరువుగల కృష్ణబిలము చుట్టునున్న వాయువును మ్రింగుచుండును. అప్పుడు కొంత పదార్థము దాపున నుండియే రెండు ధారలై, కాంతివేగమునకు సమీపించు వేగముతో ఇరువైపులకు చిమ్మబడును. ఆ ధారలు రేడియో తరంగములను వెలువరించును. ఇట్టివియే రేడియో గెలాక్సీలు.

1974లో ఫానరాఫ్, రైలీ యను ఇరువురు వీనిని రెండు తెగలు గావించిరి. మొదటి తెగలో రేడియో వెలుగు నడిబొడ్డుకు చేరువను మిక్కుటమై, దూరమేగినకొలది సన్నగిల్లును. రెండవ తెగలో ధార చెదరక తుదివరకు బోయి, అచ్చటి వాయువును ఢీకొని కొనయందే ప్రజ్వరిల్లును. కన్యారాశి దిక్కున 5 కోట్ల కాంతిసంవత్సరములకు పైబడిన దూరమున నున్న ఎం 87 మొదటి తెగలోనిది. దాని కృష్ణబిలపు చిత్రమే 2019లో లోకమునకు వెల్లడియైనది. హంసమండలమునందలి సిగ్నస్-ఎ రెండవ తెగలోనిది. దాని దూరము సుమారు 75 కోట్ల కాంతిసంవత్సరములు.

ఈ భేదము పుట్టుకతో వచ్చినదా? పరిసరములచే కలిగినదా?

ఆయిలింజను గొట్టమునుండి గాలిలోనికి దూకు నీటిధార బారెడు దూరము చెదరక పోవును. అదే గొట్టపు మూతి కాలువ నీటిలో మునిగియున్నచో, ధార చుట్టునున్న నీటిని తనలో కలుపుకొని, వేగముడిగి, కొద్దిదూరములోనే కలగిపోవును. 1996లో లెడ్లో, ఓవెన్ అనువారు చూపిన లెక్క దీనికి సరిపడునట్లున్నది. గెలాక్సీ ఎంత పెద్దదైన, ధార చెదరక రెండవ తెగలో జేరుటకు అంత హెచ్చు బలము కావలయును. 2019లో ఐరోపాయందలి లోఫార్ దూరదర్శినితో చేసిన పరిశీలనయందు బలహీనమైన రెండవ తెగవి పెక్కు బయటపడినవి. అవి చిన్న గెలాక్సీలందే యెక్కువ. సన్నని వాయువులో దుర్బలమైన ధారకును దారి దొరకుననుట అసంగతము గాదు.

అయినను జమాఖర్చు ఇంతతో సరిపోలేదు. గెలాక్సీలు గుంపులుగూడిన చోట, వాని నడుమ కోట్ల డిగ్రీల వేడిగల వాయువు నిండియుండును. సామాన్యముగా అట్టి గుంపులలో మొదటి తెగవే హెచ్చు. కాని సిగ్నస్-ఎ యును గుంపు నడుమనే యున్నది! ఎం 87 చెదరిన చోటువంటి చోటనే అది చెదరక నిలిచినది. కారణము దాని ధార యొక్క అపారశక్తి. పరిసరములే సర్వమనువారిని, పుట్టుకయే సర్వమనువారిని ఇది యొక్కటే నిరుత్తరులను జేయును. బలమును, ఎదిరించు వాయువును రెండింటిని కూర్చియే తూచవలెను.

పరిసరముల చేత మాత్రము కాదనరానిది పెర్సియస్ గుంపులోని ఎన్.జి.సి. 1265 యందు గలదు. ఆ గెలాక్సీ సెకనుకు 2,000 కిలోమీటర్లకు మించిన వేగముతో గుంపు వాయువులో దూసుకొనిపోవుచున్నది. ఎదురు వాయువు త్రోపుడుకు దాని రెండు ధారలును వెనుకకు వంగి, తోకవలె సాగినవి. బొగ్గు రైలింజను నడచిన దినములలో దాని పొగను చూచినవారికి వేరు వివరణము అక్కరలేదు.

ఇట్టి తోకలలో పాతబడిన భాగములు శక్తి తరిగి, పొడవాటి రేడియో తరంగములలోనే కనబడును. వానిని పట్టుటకు పూనా జిల్లా ఖోడద్ గ్రామమున, గోవింద్ స్వరూప్ గారి సంకల్పముతో, 45 మీటర్ల వ్యాసముగల 30 పళ్లెములు నెలకొల్పబడినవి. ద్రాక్షతోటలకు, ఉల్లిచేలకు పేరుబడిన ఆ ప్రాంతమున ఆ పళ్లెములు రేయింబవళ్లు ఆకాశమువంక మరలియుండును.