పాడినవారి పేరు



మీరు పట్టా అందుకునే ఇలాంటి సభలో మాట్లాడేవాళ్లు లోకాన్ని గెలవమని చెబుతారు. అంత పెద్ద మాట నాకు చేతకాదు. నేనొక చిన్న సంగతి మాట్లాడతాను. మీ ఇళ్లల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు పాడే పాటల్ని మీరు ఫోన్లో రికార్డు చేసి యూట్యూబ్‌లోనో, ఇన్‌స్టాలోనో పెడుతున్నారు. ఆ పాట ఎవరిది?

2011 జనాభా లెక్కల్లో ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో వందకు పదమూడు మంది తమ మాతృభాష తెలుగు అని రాయించారు. వాళ్లలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లే. సామాను కొద్దిగానే తెచ్చుకున్నారు. పాటలకు టికెట్ అక్కర్లేదు కాబట్టి అవి మాత్రం దండిగా వచ్చాయి: వల లాగే పాటలు, జోలలు, పెళ్లిపాటలు, తప్పెటగుళ్ల కథలు. ఇక్కడి చౌల్దారీ గ్రామంలో పక్కింటి బెంగాలీ పాటో, వెనకింటి తమిళ పాటో చెవిన పడుతూనే ఉన్నా అవి చెరిగిపోలేదు. వాటిని ఎవరు కట్టారో చెప్పగలిగేవాళ్లు లేరు. మన 1957 కాపీరైట్ చట్టం రచయితను వెతుకుతుంది. రచయిత బతికినన్నాళ్లూ, పోయాక మరో 60 ఏళ్లూ హక్కు ఇస్తుంది. రచయిత ఎవరో తెలియని తరాల నాటి పాట దాని వలలో పడదు. జానపదానికని ఆ చట్టంలో విడిగా ఒక సెక్షన్ కూడా లేదు. అంటే ఆ వరస అందరిదీ. మీరు పాడుకోవచ్చు, గిటారు మీద వాయించుకోవచ్చు, కాలేజీ ఫంక్షన్లో డీజేతో కలిపి మోగించుకోవచ్చు.

ఇక్కడిదాకా చెప్పి చాలామంది ఆగిపోతారు. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. అదే చట్టం, పాట కట్టినవాళ్లను పక్కనపెట్టి, పాడినవాళ్లకు వేరే హక్కు ఇచ్చింది. ఆ ‘ప్రదర్శకుల’ జాబితా సరదాగా ఉంటుంది. గాయకులు, నటులు, నాట్యం చేసేవాళ్లు, గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు, చివరికి ఉపన్యాసం ఇచ్చేవాళ్లూ అందులో ఉన్నారు. పాములవాడికీ నాకూ చట్టం ఒకే గౌరవం ఇచ్చిందన్నమాట. మీ అమ్మమ్మ వంటింట్లో కూర్చుని ఫోన్ ముందు పాడినా ఆమె ప్రదర్శకురాలే. ఆమెను అడగకుండా రికార్డు చేయకూడదు. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తర్వాత, పాడింది తానని పేరు చెప్పించుకునే హక్కూ ఆమెకు వచ్చింది. వరస ఊరిది, గొంతు ఆమెది.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో 2021లో చూశాం. ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ పాట వచ్చింది. సుద్దాల అశోక్ తేజ రాశారు, మంగ్లీ పాడారు, ఊరూవాడా మోగిపోయింది. వెంటనే వరంగల్ ప్రాంతపు జానపద గాయని కోమలి ముందుకొచ్చి, ఆ పాటను తాను సేకరించానని, ఏళ్ల కిందటే టీవీలో ‘రేలా రె రేలా’ కార్యక్రమంలో పాడానని అన్నారు. అది తరాలుగా జనం నోట ఉన్న పాట, పల్లవి తీసుకుని చరణాలు తాను రాశానని సుద్దాల అన్నారు. నన్నడిగితే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పాట కోమలి సొత్తు కాదు, కానీ అది నలుగురి చెవినీ పడింది ఆమె గొంతు వల్ల కూడా. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామన్నారు. గొడవ సర్దుకుంది. పాట విడుదలయ్యే ముందే పేరు వేసి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

దీనికి ఎదురు కథ వంగపండు ప్రసాదరావుది. ఆయన పాటలు ఉత్తరాంధ్ర యాసలో, జనం నోట ఎంతగా నానాయంటే, అవి ఎప్పటివో పల్లెపాటలని అనుకున్నవాళ్లు ఎందరో. 2009లో ‘మగధీర’ సినిమా ఆయన పాట పల్లవి ఒకటి వాడుకుంటే, తన అనుమతి తీసుకోలేదని ఆయన అభ్యంతరం చెప్పారు. రైతుకూలీల పోరాటం కోసం కట్టిన పాట అది. ఆయన 2020 ఆగస్టులో కన్నుమూశారు. అంటే 2080 చివరిదాకా ఆ రచనల మీద హక్కు ఆయన వారసులకు ఉంటుంది. కాబట్టి ‘జానపదం’ అని రాసేముందు ఒక్కసారి విచారించండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు పాడుతున్నది పుట్టుక తెలియని పాటో, 1970ల్లో ఒక మనిషి కూర్చుని కట్టిన పాటో.

కొన్నిసార్లు పాటలు సేకరించడం, సొంతంగా కట్టడం రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. కాకినాడలో పుట్టిన వింజమూరి అనసూయాదేవి పల్లెపాటల్ని సేకరించి, మద్రాసు రేడియోలో పాడి, స్వరాలు రాసి పుస్తకాలు వేశారు. చివరి ఏళ్లు అమెరికాలో గడిపి 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూశారు. కవి కృష్ణశాస్త్రి దేశభక్తి గీతానికి ఆమె కట్టిన వరస ఆమెది. ఆమె సేకరించిన పల్లెపాటల వరసలు ఆమెవి కావు. సేకరించినవాళ్లు యజమానులు కారు, కానీ వాళ్ల పేరు చెప్పకపోవడం దొంగతనంతో సమానమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక యంత్రం సంగతి. యూట్యూబ్‌లో 2007 నుంచి కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ఉంది. ఏదో కంపెనీ తన రికార్డింగ్‌ను అందులో నమోదు చేస్తే, దాన్ని పోలిన ప్రతి వీడియో మీదా దావా పడుతుంది. ఒకోసారి రికార్డింగ్ వేరైనా వరస కలిస్తే చాలు. యంత్రానికి సినిమా ముందో, అమ్మమ్మ ముందో తెలియదు. అందరి సొత్తయిన పాటను తన ఒక్కరిదే అని నమోదు చేయడం యూట్యూబ్ నియమాలకే విరుద్ధం. కాబట్టి దావా వస్తే వీడియో తీసేయకండి. ‘ఇది సంప్రదాయ గీతం, ఈ రికార్డింగ్ మాది’ అని రాసి డిస్‌ప్యూట్ పెట్టండి. అవతలివాళ్లు ముప్పై రోజుల్లో బదులివ్వకపోతే దావా దానంతటదే పోతుంది. అలాగే మీరూ సంగీతం అన్న చోట మీ పేరు రాసుకోకండి. ‘సంప్రదాయం’ అని రాయండి. కింద పాడినవారి పేరు, నేర్చుకున్న ఊరు, ఏడాది వేయండి.

ఇదంతా మన పాటల గురించి. మనం నిలుచున్న నేల పాటల గురించి మాట్లాడకుండా దిగిపోతే నాకు తప్పవుతుంది. గ్రేట్ అండమానీల పాటల మీద ఎం.వి. పోర్ట్‌మన్ అనే ఇంగ్లిష్ అధికారి 1888లోనే వ్యాసం రాశాడు. 2010 జనవరి 26న, ఆ తెగల భాషల్లో ఒకటైన బో మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ ఇక్కడే కన్నుమూసింది. భాషావేత్త అన్వితా అబ్బీ ఆమె మాటలు, పాటలు రికార్డు చేశారు. ఆ గొంతు ఇప్పుడు నెట్‌లో ఎవరైనా వినొచ్చు. వినండి. కానీ దాన్ని కోసి రీల్‌కు నేపథ్య సంగీతంగా అతికించకండి. ఎందుకిలా చేశావని బో భాషలో నిలదీయడానికి ఒక్కరూ మిగల్లేదు.

ఇక్కడి మరో ఆదివాసీ తెగ జారవాల విషయం మరీ సూటిగా చెబుతాను. 2012లో పర్యాటకుల ముందు జారవా స్త్రీల చేత ఆడించిన వీడియో ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాదే 1956 నాటి ఆదివాసీ తెగల రక్షణ నిబంధనలను సవరించి శిక్షలు పెంచారు. జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దాటి, జారవాల అడవి గుండా పోయే ట్రంక్ రోడ్డు మీద కాన్వాయ్‌లో వెళ్లేటప్పుడు ఫోన్ జేబులో ఉండాలి. ఎవరైనా పంపిన అలాంటి వీడియో మీ దగ్గర ఉంటే, షేర్ చేయకుండా తీసేయండి. కాపీరైట్ లేనిదల్లా మనం పంచుకోవచ్చని ఎక్కడా లేదు.

చివరిగా, కొందరు అమ్మమ్మలు ‘నెట్‌లో వద్దురా’ అంటారు. వద్దంటే వద్దు. అలాగని ఆ పాట పోగొట్టుకోనక్కర్లేదు. గురుగ్రామ్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి సంగీత భాండాగారం ఉంది, అది 1982లో మొదలైంది. ఎవరు వినొచ్చు, ఎవరు వాడుకోవచ్చు అన్న షరతులు ఇచ్చినవాళ్లే రాసి, రికార్డింగ్‌ను అక్కడ దాచవచ్చు. అది కూడా కుదరకపోతే రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి, ఒకటి చౌల్దారీలో, ఇంకొకటి ఊళ్లో మేనమామ ఇంట్లో ఉంచండి. ఇక్కడి ఉప్పుగాలికి దేన్నీ నమ్మలేం.