చదువుకూ కొలువుకూ నడుమ
(తబూక్‌లో జరిగిన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వృత్తిచేత బడిపంతులం. మా తాతగారు విశాఖ మండలం నుంచి మలయా రబ్బరు తోటలకు వెళ్ళినవారు. మేము ఆ కుటుంబంలో మూడవ తరం. తెలుగు మాకు ఉగ్గుపాలతో వచ్చినది కాదు. పగలు పాఠాలు చెప్పి, సాయంకాలపు తరగతిలో కూర్చుని నేర్చుకున్నది. కనుక మా మాట కొంచెం పుస్తకం వాసన వేస్తే మన్నించవలెను. పాటలకూ నాట్యానికీ నడుమ పిల్లలకు పనికివచ్చే మాట ఒకటి చెప్పండని కార్యదర్శిగారు కోరారు. కాలేజీలో ఉండగానే పని నేర్చుకునే అవకాశం, అనగా ఇంటర్న్‌షిప్, ఎలా వెతుక్కోవాలి, ఎలా దరఖాస్తు పెట్టాలి అన్నది మేము తీసుకున్న విషయం.

ఈ మాట పుట్టినది ఆసుపత్రులలో. పారిస్ నగరంలో 1802లో వైద్య విద్యార్థులకు పోటీ పరీక్ష పెట్టి, నెగ్గినవారిని ఆసుపత్రిలోనే ఉంచి పని నేర్పేవారు. లోపల ఉండేవాడు గనుక ‘ఇంటర్న్’ అన్నారు. మాట పరాయిదే గాని, సంగతి మనకు కొత్త కాదు. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదే కుర్రవాడు, మగ్గం గుంట పక్కన కండెలు చుట్టే పిల్ల, ప్లీడరుగారి దగ్గర కాగితాలు మోసే జూనియరు, వీరందరూ ఇంటర్న్‌లే. చూస్తూ నేర్చుకోవడం, చేస్తూ దిద్దుకోవడం, రెండే దానిలోని సారం.

ఇక్కడ మన వంశాల చరిత్ర ఒకటి జ్ఞాపకం చేసుకోవాలి. మన తాతలు మలయాకు వెళ్ళినా, బర్మాకు వెళ్ళినా, నేరుగా పనిలోకి వెళ్ళలేదు. నడుమ ఒక మనిషి ఉండేవాడు. మలయాలో కంగాణి, బర్మాలో మేస్త్రీ. ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఎక్కించి, పని చూపించి, తరువాత కూలిలో తన వాటా తీసుకునేవాడు. 1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీల వలసను ఆపివేసింది. ఆ పద్ధతి పోయింది. కాని మనలో ఒక అలవాటు మిగిలింది: పని కావాలంటే ఎవరో ఒకరిని పట్టుకోవాలి, వారికి ఏదో ముట్టజెప్పాలి అనుకోవడం. ఈనాడు మేము చెప్పదలచుకున్న దానిలో సగం, మన పిల్లలు ఈ అలవాటు నుంచి బయటపడాలి అనేదే.

ఇప్పుడు తబూక్ సంగతి చూద్దాము. హిజాజ్ రైలు 1906లో ఈ ఊరికి వచ్చింది. ఆ రైలు స్టేషను ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ ప్రాంతంలో గోధుమ, పళ్ళు, పువ్వులు పండించే పెద్ద వ్యవసాయ క్షేత్రాలున్నాయి. తబూక్ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. సముద్రపు ఒడ్డున నియోమ్ అనే మహా పథకాన్ని 2017 అక్టోబరులో ప్రకటించారు. అక్కడ కడుతున్న హరిత ఉదజని కర్మాగారం రోజుకు 600 టన్నుల వరకు ఉత్పత్తి చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఇవన్నీ చూసి మన పిల్లలు “మా ఊరిలోనే ఇన్ని ఉన్నాయి గదా, సెలవులకు వచ్చి ఇక్కడే చేరిపోతాము” అంటారు. ఆశ మంచిదే. కాని మూడు విషయాలు తెలుసుకుని అనాలి.

మొదటిది, తండ్రి మీద ఆధారపడిన ఇకామా పని చేయడానికి అనుమతి పత్రం కాదు. జీతం లేకుండా చేస్తున్నాము గదా అని ఏ కార్యాలయంలోనూ కూర్చోరాదు. ఆ సంస్థ చట్టప్రకారం రాతపూర్వకంగా అనుమతి తెచ్చి చేర్చుకుంటేనే చేరాలి. లేకపోతే చిక్కు పిల్లవాడికి మాత్రమే కాదు, తండ్రి కొలువుకు కూడా. రెండవది, ఇక్కడి ‘తమ్‌హీర్’ వంటి శిక్షణ పథకాలు సౌదీ జాతీయులైన పట్టభద్రులకు ఉద్దేశించినవి. ఆ దేశపు సొమ్ము ఆ దేశపు పిల్లలకు ఖర్చు పెట్టడం న్యాయమే. దానికి మనం బాధపడనక్కరలేదు. మూడవది, ఇంత పెద్ద పథకాలలో పని వేగం ప్రతి యేడూ ఒకేలాగ ఉండదు. ఒక్క సంస్థ పేరు మీదనే ఆశ పెట్టుకుని వేసవి అంతా కూర్చోరాదు.

మరి ఎక్కడ వెతకాలి? మన పిల్లలలో ఎక్కువమంది పన్నెండవ తరగతి కాగానే హైదరాబాదుకో, విజయవాడకో, విశాఖకో వెళ్తున్నారు. 2017 జూలైలో కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ళ చొప్పున మొదలైన రుసుము 2020 జూలై నాటికి 400 అయింది. దానితో ఇంకా చిన్న తరగతులలోనే పిల్లలను ఇంటికి పంపిన తండ్రులు మనలో ఉన్నారు. తండ్రి ఇక్కడ, తల్లి అక్కడ, పిల్లవాడు హాస్టలులో. అక్కడి తోటి విద్యార్థికి బ్యాంకులో బాబాయి ఉంటాడు, ఫ్యాక్టరీలో మేనమామ ఉంటాడు. మనవాడికి ఊరు కొత్త, వీధి కొత్త. అందుచేత అతను పద్ధతిగా వెతకడం నేర్చుకోక తప్పదు.

కాలేజీలు కూడా ఇప్పుడు దీనిని కోరికగా కాక నియమంగా పెట్టాయి. ఇంజనీరింగు విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అని అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి మామూలు డిగ్రీ కోర్సులలో కూడా మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ ప్రవేశపెట్టారు. నియమం వచ్చిన చోట దొంగదారి కూడా వస్తుంది. కొంత సొమ్ము పుచ్చుకుని, పని చేయకుండానే సర్టిఫికెట్టు చేతిలో పెట్టేవారు బయలుదేరారు. నాయనలారా, ఆ కాగితంతో మార్కులు రావచ్చును. తరువాత ఉద్యోగపు ఇంటర్వ్యూలో “అక్కడ నీవేమి చేశావు?” అని ఒక్క ప్రశ్న వేస్తే నోట మాట రాదు.

వెతకవలసిన చోట్లు నాలుగు. ఒకటి, కాలేజీలోని ప్లేస్‌మెంటు కార్యాలయం, మన అధ్యాపకులు. ప్రతి అధ్యాపకుడికీ ఎక్కడో ఒక ప్రయోగశాలలోనో, కంపెనీలోనో పాత శిష్యుడు ఉంటాడు. రెండు, సాంకేతిక విద్యామండలివారు నడిపే ఇంటర్న్‌షిప్ పోర్టల్. మూడు, పరిశోధన సంస్థలు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ మరి రెండు అకాడమీలతో కలిసి ప్రతి వేసవిలో రెండు నెలల పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తుంది. హైదరాబాదులో సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. వంటి ప్రయోగశాలలు ఉన్నాయి. నాలుగవది, మనవారు తక్కువగా చూసేది: చిన్న సంస్థలు. పది మంది పని చేసే డిజైను ఆఫీసు, ఆడిటరుగారి కార్యాలయం, జిల్లా ఆసుపత్రిలోని లాబరేటరీ. పెద్ద కంపెనీలో విద్యార్థి ఒక మూల కూర్చుంటాడు. చిన్న చోట మూడవ నాడే అతని చేతికి పని ఇస్తారు.

ఎప్పుడు అడగాలి అన్నది మరీ ముఖ్యం. వేసవి పనికి వేసవిలో తలుపు తడితే లాభం లేదు. భారతీయ రిజర్వు బ్యాంకు తన వేసవి శిక్షణకు దరఖాస్తులు అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు పుచ్చుకుంటూ వచ్చింది. అనగా చలికాలంలో విత్తు వేస్తేనే ఎండాకాలంలో పంట. దసరా సెలవులలో జాబితా రాసుకోండి, సంక్రాంతి నాటికి ఉత్తరాలు అన్నీ వెళ్ళిపోవాలి. ఇక్కడి కార్యాలయాలకు రాసేవారు శుక్ర, శనివారాలు సెలవు అని గుర్తుంచుకుని ఆదివారం ఉదయం ఉత్తరం చేరేటట్లు చూసుకోవాలి. తబూక్‌కూ హైదరాబాదుకూ రెండున్నర గంటల తేడా. ఇంటర్వ్యూ టైము ఏ దేశపు గడియారం ప్రకారమో ముందే అడిగి తెలుసుకోండి.

ఇక దరఖాస్తు. మేము బడిపంతులం గనుక ఉత్తరాలు దిద్దడం మా అలవాటు. విద్యార్థులు రాసే ఉత్తరం సాధారణంగా ఇలా ఉంటుంది: “గౌరవనీయులైన అయ్యా, నేను కష్టపడి పనిచేసే స్వభావం గలవాడను. మీ ప్రఖ్యాత సంస్థలో ఏదైనా అవకాశం ఇప్పించ ప్రార్థన.” ఈ ఉత్తరం చక్కెర కర్మాగారానికి పంపవచ్చును, దంతవైద్యునికీ పంపవచ్చును. అందుచేత ఎవరూ చదవరు. దానికి బదులు ఇలా రాయాలి: “నేను సివిల్ ఇంజనీరింగు మూడవ సంవత్సరం విద్యార్థినిని. మీరు మా జిల్లాలో తాగునీటి పైపులైను పని చేస్తున్నట్లు చూశాను. నేను కాలేజీలో లెవెలింగు సర్వే చేశాను. ఆ డ్రాయింగు జతపరిచాను. మే 5 నుంచి జూన్ 30 వరకు మీ సైటులో పని నేర్చుకోగలను.” నేను ఎవరు, మీ పని నాకేమి తెలుసు, నా చేత ఏమి అవుతుంది, ఎన్నాళ్ళు ఉండగలను. నాలుగు మాటలు చాలును. వివరాల పట్టీ ఒక్క పేజీ దాటరాదు. చేయని పని చేశానని రాయరాదు. వారం పది రోజులకు జవాబు రాకపోతే మర్యాదగా మరొక ఉత్తరం రాయవచ్చును. అంతకు మించి వెంటపడరాదు. ఇరవై ఉత్తరాలకు రెండు జవాబులు వస్తే అది ఓటమి కాదు.

మన సంఘంలోని పెద్దలను అడగడానికి కూడా ఒక తీరు ఉంది. “అంకుల్, మీ కంపెనీలో ఇప్పించండి” అంటే ఆయన ఇరుకున పడతాడు. “అంకుల్, మీరు చేసే పని ఎటువంటిదో ఇరవై నిమిషాలు చెబుతారా?” అని అడిగితే ఆనందంగా కూర్చోబెట్టి గంటసేపు చెబుతాడు. చెప్పినది శ్రద్ధగా విన్న పిల్ల ఆయన మనసులో ఉంటుంది. అవకాశం వచ్చిన నాడు ఆయనే పిలుస్తాడు.

వైద్యం చదవ తలపెట్టినవారికి ఒక హెచ్చరిక. విదేశంలో ఎం.బి.బి.ఎస్. చదివి భారతదేశంలో వైద్యం చేయదలచినవారు, 2021లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం, చదివిన సంస్థలోనే పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. భారతదేశం వచ్చి మరొక పన్నెండు నెలలు చేయాలి. ఏ దేశమైనా సీటుకు డబ్బు కట్టక ముందే ఈ లెక్క చూసుకోండి.

చదువు ముగించినవారికి 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ప్రయోగంగా మొదలైంది. ఆనాటి నిబంధన ప్రకారం 21 నుంచి 24 ఏళ్ళవారికి ఏడాది శిక్షణ, నెలకు 5,000 రూపాయలు. రెగ్యులరు కాలేజీలో చదువుతున్నవారికి అప్పుడు అది వర్తించలేదు. కాని చదువు ముగిసి ఊరిలో ఖాళీగా ఉన్న తమ్ముడో చెల్లెలో ఉంటే, అప్పటి నిబంధన ఏమిటో చూసి చెప్పండి.

డబ్బు సంగతి ఖండితంగా చెబుతున్నాము. కొన్ని చోట్ల భృతి ఇస్తారు, కొన్ని చోట్ల ఇవ్వరు. భృతి లేకపోయినా నేర్చుకునేది ఉంటే కొద్ది వారాలు చేయవచ్చును. కాని “డిపాజిట్ కట్టండి, రిజిస్ట్రేషన్ కట్టండి, ఇంటర్న్‌షిప్ ఇస్తాము” అన్నవాడు యజమాని కాడు. శిక్షణ కేంద్రంలో ఫీజు కట్టి పాఠం నేర్చుకోవడం వేరు. పని చేయడానికి ఎదురు డబ్బు కట్టడం వేరు. అటువంటివాడు మన తాతలు చూసిన మేస్త్రీయే. బట్టలు మార్చుకుని వచ్చాడు. మేస్త్రీకి వాటా ఇచ్చిన కుటుంబాలు ఆ బాకీ తీర్చుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో మన ఇళ్ళలో పెద్దలు చెప్పగా విన్నాము. మనుమల చేత మళ్ళీ కట్టించవద్దు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. కొడుకును పరాయి ఊరిలో ఇంటర్న్‌షిప్‌కు పంపి, కూతురిని మాత్రం “ఇంటి దగ్గర ఏదైనా చూసుకో” అనడం మేము చాలా ఇళ్ళలో చూశాము. భయం సహజమే. భయానికి మందు వాకబు. బస ఎక్కడ, పైన ఎవరు, పని వేళలేమిటి, ఫిర్యాదు వస్తే వినేవారెవరు అని కనుక్కోండి. జవాబులు సరిగా ఉంటే పంపండి. మన అవ్వలు ముక్కూ మొగం తెలియని దేశానికి ఓడ ఎక్కి, తెల్లవారక ముందే రబ్బరు చెట్లకు గాటు పెట్టినవారు. వారి మునిమనుమరాలు హైదరాబాదులో రెండు నెలలు ఉండలేదా?

చివరిగా సంఘానికి మనవి. ఈ హాలులో ఇంజనీర్లు, డాక్టర్లు, నర్సులు, లెక్కలు రాసేవారు ఉన్నారు. ఈ హాలుకు రాలేనివారు కూడా ఈ ఊరిలో ఉన్నారు. కరీంనగర్, నిజామాబాదు, కడప వైపు నుంచి వచ్చి కంపెనీ క్యాంపులలో ఉండి ఎండలో పని చేసే మన సోదరులు. వారి పిల్లలూ ఇప్పుడు కాలేజీలలో ఉన్నారు. వారికి అడగడానికి ఒక్క అంకుల్ కూడా లేడు. మన సంఘంవారు ఒక పుస్తకం తెరిచి, ఒక పక్క ‘నా పని గురించి చెప్పగలను, ఉత్తరం దిద్దగలను’ అనేవారి పేర్లు, మరొక పక్క విద్యార్థుల పేర్లు రాయాలి. ఒక్కొక్కరు ఒక్క విద్యార్థిని తీసుకుంటే చాలును. పైసా ఖర్చు లేదు. ఇంగ్లీషు ఉత్తరాలు దిద్దే పని మాది. భోజనాల తరువాత ఆ తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాము. పెద్దలు తమ పేరు రాయించి, విద్యార్థులు తమ ఉత్తరం తెచ్చి చూపించవలెనని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాము.